చెయ్యి ఊపే మలుపు

శరదృతువు రెండు నెలలే ఉంటుందని నాకు తెలుసు. ఆశ్వయుజం, కార్తీకం అని వేళ్ళు మడిచి చెప్పడం కూడా వచ్చు. అయినా జపానులోని ఒక కొండలోయలో ఆరేడు నెలలపాటు శరత్కాలమే నడుస్తుంటే నాకు ఒక్క శుక్రవారమైనా అనుమానం రాలేదు. ఫోను తెర మీద రైలు వెళుతుంటే అటూ ఇటూ కొండలు ఎర్రగా, పసుప్పచ్చగా మండిపోతూ ఉండేవి. జనవరిలోనూ అంతే, మే నెలలోనూ అంతే. చల్లటి దేశం కదా, అక్కడి ఆకులు అలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను.

రియాద్‌లో ఉండేవాడికి ఇలాంటి తెలివి పుట్టడం వింతేమీ కాదు. మా వీధిలో ఉన్నవి ఖర్జూరపు చెట్లు. వాటికి ఋతువులతో పని లేదు. దుమ్ము పడితే బూడిద రంగు, మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చి కడిగితే ఆకుపచ్చ. ఆకు రాలడం, చిగురించడం అనే వ్యవహారాలు చూసి చాలా ఏళ్ళయింది. ఏడాదంతా ఒకే ఆకును చూసేవాడు ఎక్కడైనా ఏడాదంతా ఒకే ఆకు ఉంటుందనే నమ్ముతాడు.

పైగా తెర మూలన ఎర్ర చుక్క వెలుగుతూ, పక్కన 'లైవ్' అని రాసి ఉండేది. నేను చదువుకున్నవాణ్ణి, కాబట్టి రాసి ఉన్నది నమ్మాను.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి నా ఉద్యోగం. ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ని. కొత్త డ్రాయింగు రాగానే పాత డ్రాయింగు మీద 'చెల్లదు' అని ఎర్ర ముద్ర గుద్ది, ఎవరూ పొరపాటున కూడా దాన్ని చూసి గోడ కట్టకుండా కాపలా కాయడం నా పని. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పినందుకే నాకు జీతం. అలాంటివాణ్ణి, ఎప్పుడో తీసిన రైలు వీడియోని ఇప్పుడే నడుస్తున్న రైలనుకుని ప్రతి శుక్రవారం ఎక్కి కూర్చున్నాను. దిగే పని లేదు కాబట్టి దిగులూ లేదు.

ఆ లైను నాకు దొరకడం కూడా ఒక పొరపాటే. మా కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు ఒంటి పెట్టె రైలు బస్సు నడిచేది. కొబ్బరితోటల మధ్య నుంచి, పెళ్ళికి పిలవని చుట్టంలా మొహమాటంగా వెళుతుండేది. ఒక శుక్రవారం ఎందుకో దాని మీద మనసు పోయింది. ఒంటి పెట్టె రైలు అని ఫోన్లో వెతికితే ఆ యంత్రం నా మీద జాలిపడి, తన దగ్గరున్న అన్ని ఒంటి పెట్టెల్నీ నా ముందు పెట్టింది. వాటిలో ఒకటి తదామి లైను.

జపాను ఈశాన్యాన, కొండల్లో, తదామి అనే నది పక్కనే ఆ పట్టాలు వెళతాయి. ఒకటే లైను. ఎదురుగా ఇంకో రైలు వస్తే ఏదో ఒక స్టేషన్లో ఆగి దారివ్వాలి. వీడియో డ్రైవరు పక్కన నిలబడి తీసింది. డ్రైవరు కనపడడు, తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి మాత్రం అప్పుడప్పుడు ముందుకు వస్తుంది. ప్రతి సిగ్నలు దగ్గరా దాన్ని వేలితో చూపించి, పైకి ఏదో అంటాడు. పక్కన ఎవరూ ఉండరు. అయినా అంటాడు. సిగ్నలు పచ్చగా ఉందని తనకు తాను చెప్పుకోవడం అక్కడి పనిపద్ధతి అట. ఒంటరిగా గట్టిగా మాట్లాడుకోవడాన్ని కంపెనీయే రూలుగా పెట్టిందని తెలిసి నాకు చాలా ధైర్యమొచ్చింది. అప్పటిదాకా నాకే ఏదో అయిందనుకుంటున్నాను.

కాసేపటికి ఒక ఇనుప వంతెన వస్తుంది. కింద నది కదలదు, వంతెన నీడ దాని మీద పడి, రెండు సగాలూ కలిసి గుండ్రంగా కనిపిస్తాయి. వంతెన దిగగానే మలుపు. మలుపులో చిన్న కూరమడి, నారింజ రంగు పళ్ళు కాసిన చెట్టు, దాని కింద తలకు గుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ. రైలు చప్పుడు విని నడుం నిలబెట్టి, చెయ్యి ఎత్తి ఊపుతుంది. వెళ్ళిరమ్మన్నట్టు కాదు, మసకబారిన అద్దాన్ని తుడుస్తున్నట్టు, నిదానంగా. డ్రైవరు చిన్నగా ఒక కూత వేస్తాడు. అంతే. మలుపు తిరిగిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు దుప్పట్లోంచి నా చెయ్యి దానంతటదే లేచింది. లేచాక గదిలో చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని, మిగతా సగం కూడా ఊపాను.

ఈ ఊళ్ళో నన్ను చూసి చెయ్యి ఎత్తేవాళ్ళు ఇద్దరే. ఒకడు ట్రాఫిక్ పోలీసు, ఒకడు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. ఇద్దరూ ఆగమనే ఎత్తుతారు. రమ్మనీ కాదు, వెళ్ళమనీ కాదు, ఊరికే 'చూశాను, పో' అని చెయ్యి ఎత్తినవాళ్ళు అప్పటికి చాలా ఏళ్ళుగా ఎవరూ లేరు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇకామా నా జేబులో ఉంది. ఇక ఆమె, అంటే మా ఆవిడ, కాకినాడలో ఉంది. అక్కడ స్కూల్లో ఆవిడ ఉద్యోగం, ఇక్కడ నాది. ఇద్దరి శలవులూ ఎప్పుడూ ఎదురెదురు రైళ్ళే.

ఒక శుక్రవారం నేను ఇంకా వంతెన దాటకముందే మా ఆవిడ ఫోను.

"ఏం చేస్తున్నారు?"

"రైల్లో ఉన్నాను."

"ఎక్కడికండీ?"

"జపాను."

అవతల కుక్కరు కూతేసింది. నేను మొత్తం చెప్పాను. నది, వంతెన, మలుపు, పెద్దావిడ.

"ఆవిడ చెయ్యి ఊపితే మీరూ ఊపారా?"

"ఊపాను."

"ఫోనుకి?"

"ఫోనుక్కాదు, ఆవిడకి."

"ఆవిడకి ఎన్నేళ్ళుంటాయి?"

"డెబ్భై పైనే ఉంటాయే."

"అయితే ఊపుకోండి. స్వెట్టరు వేసుకున్నారా?"

"ఇక్కడ ఎండ మండిపోతుంటే స్వెట్టరేంటి?"

"ఇక్కడ సంగతి కాదు, జపానులో," అని నవ్వి, కూర మాడుతోందని పెట్టేసింది. ఆ నవ్వుతో ఒక వారం గడిచింది. ఆ వారం డ్రాయింగుల మీద ముద్రలు కూడా మెత్తగా పడ్డాయి.

మా గదిలో రెండో మంచం ఒక ఎలక్ట్రీషియన్‌ది. జగిత్యాల దగ్గర పల్లె. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న, నోటికి పదేళ్ళు పెద్ద. శుక్రవారం మధ్యాహ్నం దాకా గోడవైపు తిరిగి పడుకోవడం అతని అలవాటు. ఆ రోజు కరెంటు పోయి ఏసీ ఆగడంతో లేచి కూర్చున్నాడు. బిల్డింగు మొత్తానికి అతనే ఎలక్ట్రీషియన్, అయినా శుక్రవారం ఫ్యూజు జోలికి వెళ్ళడు. వచ్చి నా మంచం చివర కూర్చుని ఫోన్లోకి తొంగి చూశాడు.

"ఏందన్నా గిది? పెండ్లి వీడియోనా?"

"రైలు. జపానులో. లైవు."

"మస్తున్నది. గీ సౌదీలనే అభాల గూడ గిసొంటి కొండలున్నయ్, మబ్బులు గూడ దిగుతయ్. నేను జేసిన గాడ. గని రైలు లేదు."

"ఆగు, ఇప్పుడు వంతెన వస్తుంది. ఆ తర్వాత పెద్దావిడ వస్తుంది చూడు."

వంతెన వచ్చింది, ఆవిడా వచ్చింది. అతని ముందు చెయ్యి ఊపడానికి సిగ్గేసి, చెవి గోక్కున్నట్టు చేశాను.

"నీకెట్ల ఎర్కనే ఆమొస్తదని?"

"ప్రతి శుక్రవారం వస్తుంది. పాపం, అదే టైముకి."

అతను మళ్ళీ శుక్రవారం, ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా లేచి వచ్చి కూర్చున్నాడు. నాకు లోలోపల సంతోషమేసింది, ఒక ప్రయాణికుడు దొరికాడని. తెర మీద రైలు గేటు దగ్గర తెల్ల ట్రాలీ ఆటోలాంటి చిన్న బండి ఆగి ఉంది. పక్కన గోధుమరంగు కుక్క తోక ఊపుతోంది.

"అన్నా, గీ బండి పోయిన శుక్కురారం గూడ గీడనే ఆగింది."

"జపానువాళ్ళు కదా. టైమంటే టైమే. రోజూ అదే నిమిషానికి ఆ గేటు దగ్గరికి వస్తాడన్నమాట."

"మరి కుక్క గూడ డ్యూటీకి వస్తదా?"

నేను కుక్కను చూశాను. అది మూడుసార్లు తోక ఊపి, వెనక్కి తిరిగి, కాలితో మెడ గోక్కుంది. పోయిన వారమూ అంతే. అంతకుముందు వారమూ అంతే. నిజం చెప్పాలంటే ఆ కుక్క గోక్కోవడం కూడా నాకు ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి. ఇదుగో ఇప్పుడు గోక్కుంటుంది అని ముందే అనుకుని, గోక్కోగానే ముచ్చటపడేవాణ్ణి.

"గిది లైవు గాదే అన్నా. రికార్డింగు. తిప్పి తిప్పి గదే ఏస్తున్నరు. అయినా జూడు, మనకు గిప్పుడు పగలు పదకొండు. జపాను మనకన్న ఆరు గంటలు ముందట. గాడ సాయంత్రం గావాలె. గీడ పొద్దుగాల ఎండ గొడుతున్నది!"

ఆ లెక్క నాకు తెలియక కాదు. తెలిసిన లెక్కలన్నీ మనిషి వేసుకోడు. ఎందుకో వంతెన మలుపు దగ్గరికి వస్తుంటే ఫోను బోర్లా పెట్టేశాను. అతను మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. అంతటితో ఊరుకుంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

రియాద్ పాతబజారు బతాలో మేం శుక్రవారాలు భోజనానికి వెళ్ళే మెస్సు ఒకటుంది. నమాజు అయ్యాక వీధంతా జనంతో నిండిపోతుంది. జీతాలు ఇంటికి పంపేవాళ్ళు, ఫోను కార్డులవాళ్ళు, పలకరించుకోవడానికి వచ్చి ఏం పలకరించుకోవాలో తెలియక నిలబడేవాళ్ళు. ఆ రోజు మేం బల్ల దగ్గర కూర్చునేసరికి కథ మాకంటే ముందు వచ్చి కూర్చుంది. సాంబారు వడ్డించే కడపాయన గరిటె గాల్లో పెట్టి, అద్దం తుడిచినట్టు నిదానంగా ఊపాడు.

"ఏం సామీ, జపానుకు పొయ్యేదెప్పుడు? మా గరిటెకు గూడా ఒక టాటా చెప్పు సామీ."

మెస్సంతా చేతులు లేచాయి. గుంటూరు తాపీమేస్త్రీ, నిజామాబాదు పెయింటర్లు, కర్నూలు డ్రైవరు, అందరూ ఊపారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజంగా బాధపడ్డానని తెలిసిపోతుంది. ఆ రోజు నుంచి నా పేరు పోయి 'జపానన్న' మిగిలింది. నా జపాను జపం అలా లోకానికి ప్రసాదమైంది.

రెండు వారాలు ఆ వీడియో ముట్టుకోలేదు. శుక్రవారాలు మళ్ళీ పాత శుక్రవారాలయ్యాయి. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, వాటిని డాబా మీద ఆరేయడం, గంటలోపే అవి అప్పడాల్లా ఎండిపోతే మళ్ళీ తీయడం, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక కిటికీలోంచి ఎదుటి గోడను చూడటం. ఎదుటి గోడ మాత్రం లైవే. అందులో సందేహం లేదు.

మూడో వారం ఉక్రోషం పుట్టింది. మోసపోతే పోయాను, ఏ కాలపు మోసమో తెలుసుకుందామని ఆ లైను చరిత్ర చదవడం మొదలుపెట్టాను. వీడియో ఎప్పటిదో ఎక్కడా రాయలేదు గానీ, వంతెన ఎప్పటిదో తెలిసింది.

ఆ లైనును ఎవరూ ఒక్కసారిగా వేయలేదు. అటునుంచి కొంత, ఇటునుంచి కొంత. మధ్యలో కొంత భాగం నది మీద పెద్ద ఆనకట్ట కట్టడానికి సిమెంటూ ఇనుమూ మోసుకెళ్ళే పట్టాలుగా మొదలై, ఆ పని అయిపోయాక మనుషుల్ని మోసే పట్టాలుగా మారిందట. చివరికి కొండ కడుపులోంచి పొడవాటి సొరంగం తవ్వి రెండు కొసల్నీ కలిపారు. చలికాలంలో అక్కడ రోడ్డు మంచులో పూడిపోతుంది, కొండ దాటించేది రైలొక్కటే. అందుకే ఎక్కేవాళ్ళు తక్కువైనా దాన్ని తీసేయలేకపోయారు.

ఆ తర్వాత 2011 వేసవి. అదే ఏడాది భూకంపం, సునామీ వచ్చాయి. వాటి గురించి లోకమంతా మాట్లాడింది. జూలైలో ఆ లోయలో కుండపోత వాన కురిస్తే నది లేచి వంతెనల్ని ఎత్తుకుపోయింది. దాని గురించి నాలాంటివాడికి తెలియను కూడా తెలియదు. కొట్టుకుపోయిన వంతెనల్లో ఒకటి, పాత ఫొటోలతో పోల్చి చూస్తే, నా వంతెనే. అంటే వీడియో వరదకు ముందుది. అంటే నది ఎప్పుడో మింగేసిన వంతెన మీదుగా నేను ప్రతి శుక్రవారం క్షేమంగా దాటి వచ్చాను.

ఇది ఎలక్ట్రీషియన్‌తో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

"కూలిన బ్రిడ్జి మీదికెల్లి పోయినవా? జర పైలమన్నా, సేఫ్టీ ఆఫీసర్‌కు ఎర్కయితే ఫైన్ ఏస్తడు!"

కానీ వినసాగాడు. వంతెనలు పోయిన ముక్కలో రైళ్ళు ఆగిపోయి బస్సులు తిరిగాయని, రైలు కంపెనీ ఇక బస్సులే చాలు, పట్టాలు వద్దు అన్నదని, ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాను. చివరికి పట్టాలూ వంతెనలూ మావి, వాటి బరువు మేం మోస్తాం, రైలు మాత్రం మీరు నడపండి అని ఆ జిల్లా, ఆ ఊళ్ళూ ముందుకొచ్చాయి. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ రైలు నడిచింది. మా కోటిపల్లి పట్టాలను యుద్ధకాలంలో పీకి పట్టుకుపోయారని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. మళ్ళీ వేయడానికి అరవై ఏళ్ళు దాటింది. మేం అన్నేళ్ళూ కొబ్బరికాయలు దింపుకుంటూ ఊరుకున్నాం. వాళ్ళు ఊరుకోలేదు.

"ఎంతమంది ఎక్కుతరే గాడ?"

"పెద్దగా ఎవరూ ఎక్కరు. ఆ ముక్కలో రోజుకి మూడు రైళ్ళే అటు, మూడు ఇటు."

"మరెందుకట గంత లొల్లి?"

జవాబుకు బదులు ఇంకో సంగతి చెప్పాను. రైలు కనిపిస్తే అందరం చెయ్యి ఊపుదాం అని ఆ లోయ ఊళ్ళవాళ్ళు కట్టుబాటు చేసుకున్నారట. కాగితం మీద, చట్టంలాగా. పొలంలో ఉన్నా, పెరట్లో ఉన్నా, రైలొస్తే చెయ్యి ఊపాలి.

అతను లేచి కూర్చున్నాడు. కళ్ళు మెరిశాయి. దొరికిపోయానని అప్పుడే అర్థమైంది.

"అంటే నీ ముసలామె గూడ సర్కారు ఆర్డరు మీద ఊపిందన్నట్టు! డ్యూటీయే ఆమెది గూడ! నీకోసం గాదు, డ్రైవర్ కోసం గాదు. కుక్కది డ్యూటీ, బండోనిది డ్యూటీ, ముసలామెది డ్యూటీ."

అప్పుడు జీవితంలో మొదటిసారి నా ఉద్యోగం నాకు పనికొచ్చింది. ఏది ముందు, ఏది వెనక.

"కట్టుబాటు వచ్చింది వరద తర్వాత. వీడియో వరదకు ముందుది. వంతెన ఉందిగా అందులో? ఆవిడ ఊపిన రోజుకి ఏ ఆర్డరూ లేదు తమ్ముడూ. ఆవిడంతట ఆవిడే ఊపింది."

అతను వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, "గది మాత్రం కరెక్టే," అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట రావడం పదకొండేళ్ళకు వంతెన కట్టినంత పని.

ఆ ఊపులో ఇద్దరం కలిసి కొత్త వీడియో వెతికాం. రైలు మళ్ళీ మొదలయ్యాక తీసింది. అందులో వేసవి, కొండలన్నీ ఒకే పచ్చ. కొత్త వంతెన వచ్చింది. ఒడ్డున జనం ఒకచోట గుంపుగా నిలబడి జెండాలు ఊపుతున్నారు. నేను చెయ్యి ఎత్తలేదు. మలుపు కోసం చూస్తున్నాను. మలుపు వచ్చింది. చెట్టు ఉంది. కూరమడి ఉన్నచోట మోకాలెత్తు గడ్డి. వెనక ఇంటి తలుపులు వేసి ఉన్నాయి. అటువైపు తీగ పాకింది.

రైలు కూత వేయకుండానే మలుపు తిరిగింది.

సగం లేచిన నా చేతిని ఏం చేయాలో తోచక దిండు సర్దాను. నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. గోడవైపు చూస్తూ, "మక్కకు నీళ్ళు పెట్టనీకి పోయి ఉంటది," అన్నాడు. జపానులో ఆ లోయలో మొక్కజొన్న వేస్తారో లేదో నాకు తెలియదు. వేస్తారని నమ్మాను. అతను మళ్ళీ పడుకున్నాడు గానీ, ఆ మధ్యాహ్నం బతాలో ఎవరో చెయ్యి ఊపబోతే, "ఇగ సాలు తీయ్," అని కసిరాడు.

ఆ తర్వాత నెల తిరగకుండానే అతన్ని ఊరి చివర ఇంకో క్యాంపుకు మార్చారు. కంపెనీ పికప్ వచ్చింది. పరుపు, కుక్కరు, రెండు సూటుకేసులు. "శుక్కురారం బతాల కలుద్దమన్నా," అన్నాడు. కలవలేదు. కొత్త సైటులో శుక్రవారాలు కూడా పని పెట్టారు. అతని మంచం మీద నేను మొదట ఉతికిన బట్టలు పెట్టాను, తర్వాత పాత డబ్బాలు, తర్వాత ఏమీ పెట్టలేదు. ఒక పూట వేళాకోళం చేసేవాడు కూడా లేకపోతే గది ఎంత పెద్దదవుతుందో చెప్పడానికి ఏ డ్రాయింగులోనూ కొలత ఉండదు.

మా బిల్డింగు డాబా మీద నుంచి మెట్రో కనిపిస్తుంది. స్తంభాల మీద పట్టాలు, మా పిట్టగోడకు దాదాపు సమానమైన ఎత్తులో. ఒక సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్ళి, వస్తున్న రైలును చూసి అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తాను. ముందు అద్దంలో ఎవరూ లేరు. రియాద్ మెట్రోకు డ్రైవరే ఉండడు, దానంతటదే నడుస్తుంది. వేలు పెట్టి సిగ్నలు చూపించే తెల్ల తొడుగూ లేదు, కూతా లేదు. లోపల అందరూ తలలు వంచి ఫోన్లు చూసుకుంటున్నారు. ఏ దేశపు రైలు చూస్తున్నారో. తడి లేని చొక్కాలు భుజాన వేసుకుని కిందికి దిగాను.

కొన్నాళ్ళకు ఎలక్ట్రీషియన్ ఫోను.

"అన్నా, కంపెనీ బస్సు బందువెట్టిండ్రు. మెట్రో కార్డిచ్చిండ్రు. పొద్దుగాల మన బిల్డింగు పక్కపొంటే పోతున్న. సింగిల్స్ పెట్టె ఆఖర్న ఉంటది గద, ఎనక అద్దం కాడ నిలవడుతున్న. మన దాబా, నీళ్ళ ట్యాంకు అన్ని కానొస్తయ్."

ఆ మెట్రోలో కుటుంబాలకు ఒక పెట్టె, ఒంటరి మగాళ్ళకు ఇంకో పెట్టె. దాని మీద 'సింగిల్స్' అనే రాసి ఉంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నవాడు కూడా ఆ పెట్టె ఎక్కితే సింగిలే. తదామిది సింగిల్ లైను, మాది సింగిల్స్ పెట్టె. తేడా అల్లా, వాళ్ళ లైనుకు దారిచ్చే స్టేషన్లున్నాయి.

మర్నాడు పొద్దున నేను లుంగీ మీదే డాబా ఎక్కాను. చేతిలో ఎర్ర తువ్వాలు. రైలు వచ్చింది, ముందు పెట్టెలు దాటాయి. ఆఖరి పెట్టె వెనక అద్దంలో, హెల్మెట్ చంకలో పెట్టుకుని, అతనే. నేను తువ్వాలు ఎత్తి ఊపాను. అద్దం తుడిచినట్టు నిదానంగా కాదు, ఊరంతా చూసేట్టు, గుండ్రంగా, గొంతెత్తి ఓ కూత కూడా వేశాను.

రెండు నిమిషాల్లో ఫోను.

"అన్నా! ఇజ్జత్ తీస్తున్నవే! పెట్టెల అందరు జూస్తున్నరు. లుంగీ గట్టుకొని గా పాగల్ ఎవడని అడుగుతున్నరు."

"ఏం చెప్పావు?"

"నాకెర్క లేదని జెప్పిన!"

మర్నాడూ ఎక్కాను. ఆ మర్నాడూ ఎక్కాను. అతను రెండ్రోజులు అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. తర్వాత హెల్మెట్ పెట్టుకుని తల వంచాడు. కానీ అద్దం వదిలి లోపలికి మాత్రం పోలేదు. నేను అది గమనించాను. ఒకరోజు అతని పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయన ఎవరో నాకు చెయ్యి ఊపాడు. పరాయివాడు ఊపుతుంటే తను ఊపకుండా ఎలా ఉంటాడు? మర్నాడు అతని చెయ్యి లేచింది. చెవి గోక్కుంటున్నట్టు. ఆ గోకుడు నాకు బాగా తెలిసిన గోకుడు.

వారం తిరిగేసరికి అరచెయ్యి పూర్తిగా విచ్చుకుంది. రైలు వస్తుంది, ఆఖరి అద్దం వస్తుంది, ఊపుతాడు, ఊపుతాను, మలుపు తిరిగిపోతుంది. ఫోన్లు తగ్గాయి. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. రోజూ చూసుకుంటున్నాంగా. ఆఫీసులో మూడో అంతస్తు ఎక్కుతూ కూడా ఒక్కోసారి నాలో నేనే పైకి అనుకునేవాణ్ణి: చూశాడు. కనిపించాను. సిగ్నలు పచ్చగానే ఉంది.

ఇంత హాయిగా సాగుతున్నప్పుడే నాకు మెస్సులో గరిటె గుర్తొచ్చింది.

ఆ పొద్దున కూడా మామూలుగానే డాబా ఎక్కాను. తువ్వాలును ఆరేసిన బట్టల మధ్య తాడు మీద వేసి, నేను నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాను. రైలు వచ్చింది. ట్యాంకు పక్కనుంచి తొంగి చూశాను. ఆఖరి అద్దంలో అతని చెయ్యి అప్పటికే లేచి ఉంది. ఊపాడు. ఆగాడు. అద్దానికి దగ్గరగా జరిగి, రెండు అరచేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని డాబా అంతా వెతికాడు. మళ్ళీ ఊపాడు, ఈసారి పెద్దగా, ఎవరూ లేని డాబాకి. పక్కన తెల్లగడ్డం పెద్దాయన కూడా మెడ సాచి చూశాడు. నన్ను ఒకరు అలా వెతకడం నేను ఎప్పుడూ చూడలేదు. ట్యాంకు వెనక నుంచి లేవబోయాను కూడా. కానీ పగ పగే.

ఫోను మోగింది.

"అన్నా, ఏడున్నవ్? పానం మంచిగ లేదా?"

"బాగానే ఉంది."

"మరి కానొస్తలేవు? గీ పాకిస్తానీ చాచా గూడ అడుగుతున్నడు, ఆప్‌కా భాయ్ కహాఁ హై అని. రోజు ఉంటవ్ గద దాబా మీద!"

"రోజూ ఉన్నానని ఎవరన్నారు? రోజూ అదే లుంగీ, అదే ఎర్ర తువ్వాలు, వెనక తాడు మీద అవే చొక్కాలు. నీకు అనుమానం రాలేదూ?"

అటువైపు మెట్రోలో ఏదో స్టేషను పేరు అరబ్బీలో చెబుతున్నారు.

"ఏందన్నా... ఏమంటున్నవ్?"

"అది లైవు కాదురా తమ్ముడూ," అన్నాను. "రికార్డింగు."